గుండెదడ మందులు, పెద్దవాళ్ల లివర్: చిక్కు ఎక్కడ పడుతోంది?

మా పెదనాన్నకు 74 ఏళ్లు. ఆయన మందులన్నీ ఒక పాత బట్టల షాపు సంచిలో ఉంటాయి. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ సంచిని మంచం మీద కుమ్మరించి చూశాను. స్ట్రిప్పులన్నీ ముక్కలే. మెడికల్ షాపులో పది మాత్రల స్ట్రిప్పు నుంచి నాలుగో ఆరో కత్తిరించి ఇస్తారు కదా, పేరున్న సగం షాపులోనే ఉండిపోతుంది. మన చేతికొచ్చిన ముక్క మీద పేరులో చివరి రెండక్షరాలో, ధరో మిగులుతుంది. పాత చీటీలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే పోల్చుకుంటూ పోతే లెక్క తేలింది. గుండె డాక్టరు రాసినవి ఐదు, షుగరుకు రెండు, మోకాళ్ల నొప్పికి ఒకటి, గజ్జల్లో తామరకు చర్మం డాక్టరు ఇచ్చిన క్యాప్సూల్ ఒకటి. ఇవి కాక ఫ్రిజ్‌లో తిప్పతీగ రసం సీసా. అది ఎవరు చెప్పారో ఆయనకే గుర్తులేదు.

అప్పటికి మూడు వారాలుగా ఆయనకు అన్నం సయించడం లేదు. మెట్లెక్కితే కూలబడిపోతున్నారు. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తోంది. ఇంట్లో అందరూ వేడి చేసిందని మజ్జిగ తాగించారు, సబ్జా నీళ్లు పట్టారు. చివరికి రక్త పరీక్ష చేయిస్తే, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ అనే ఎంజైము 312 వచ్చింది. మామూలుగా 40 లోపు ఉండాలి. రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్ఆర్ 4.8 ఉంది. రక్తం పలచబడే మందు వాడే ఆయనకు అది 2కీ 3కీ మధ్య ఉండాలి.

ఏ మందు వల్ల వచ్చింది డాక్టర్‌గారూ అని అడిగాను. ఒక్క దాని పేరు చెప్పడం కష్టమమ్మా అన్నారాయన. ఆ జవాబు ఆరోజు నాకు తప్పించుకునే మాటలా అనిపించింది. తర్వాత నెలల తరబడి చదివి, అడిగి తెలుసుకున్నాక అది నిజాయితీగా చెప్పిన జవాబని అర్థమైంది. గుండెదడకు మందులు వాడే పెద్దవాళ్లు ఎవరింట్లో ఉన్నా ఈ చిక్కు తెలిసి ఉండాలి. అందుకే రాస్తున్నాను.

గుండె లయ తప్పితే ఇన్ని మందులెందుకు

గుండె పైగదులు ఒక క్రమంలో ముడుచుకోకుండా వణికినట్టు కొట్టుకోవడాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. వయసు పెరిగేకొద్దీ ఇది ఎక్కువగా వస్తుంది. మన దేశంలో ఇంకో కారణం కూడా బలంగా ఉంది. చిన్నప్పుడు గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చిన రుమాటిక్ జ్వరం గుండెలోని మైట్రల్ కవాటాన్ని పాడుచేస్తుంది. ఆ దెబ్బ దశాబ్దాల తర్వాత ఇలా బయటపడుతుంది. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం.

కాబట్టి మందులు మూడు పనులు చేయాలి. గుండె వేగం తగ్గించాలి, దానికి మెటోప్రొలాల్, డిగాక్సిన్ లాంటివి. లయను దారికి తేవాలి, దానికి ఎక్కువగా వాడేది ఎమియోడరోన్. రక్తం గడ్డకట్టకుండా చూడాలి, దానికి ఎసిట్రాం, వార్ఫరిన్, లేదా కొత్త మందులైన ఎపిక్సబాన్, రివరాక్సబాన్, డబిగాట్రాన్. రుమాటిక్ కవాట జబ్బుతో వచ్చిన వాళ్లకు మాత్రం పాత మందే మేలని 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనం తేల్చింది. మన ఊళ్లలో ఇంతమంది ఇంకా ఎసిట్రాం వేసుకుంటూ నెలనెలా ఐఎన్ఆర్ చూపించుకోవడానికి అదొక కారణం. వీటికి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ మాత్రలు తోడవుతాయి. డెబ్బై దాటిన గుండె రోగి చేతిలో ఎనిమిది తొమ్మిది మాత్రలుండటం వింతేమీ కాదు.

ఎమియోడరోన్ అనే మొండి మందు

ఈ కథలో అసలు పాత్ర దీనిదే కాబట్టి కాస్త ఆగి చెప్పాలి. 1961లో బెల్జియంలోని లాబాజ్ కంపెనీలో దీన్ని తయారుచేశారు. అప్పుడు దీని పని గుండెనొప్పి తగ్గించడం. లయ తప్పిన గుండెను కూడా నిలబెడుతుందని 1970 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్‌లో బ్రమా సింగ్ చూపించాడు. అమెరికాలో దీనికి 1985లో అనుమతి వచ్చింది. మన దగ్గర కార్డరోన్ పేరు చాలామందికి తెలుసు.

ప్రాణం మీదికి వచ్చే గుండె లయ జబ్బుల్లో ఇంతగా పనిచేసే మాత్ర ఇంకొకటి దొరకడం కష్టం. ఆ మేలు మర్చిపోయి దీన్ని విషంలా చూడటం తప్పు. కానీ దీని స్వభావం వేరు. ఈ మందు బరువులో మూడో వంతుకు పైగా, దాదాపు 37 శాతం, అయోడినే. ఇది కొవ్వులో కరుగుతుంది. ఒంట్లోకి వెళ్లిందంటే లివర్లో, ఊపిరితిత్తుల్లో, కొవ్వులో, చర్మంలో, కంటిపొరలో చేరి కూర్చుంటుంది. మామూలు మందుల్లో సగం గంటల్లో బయటికి పోతుంది. దీనిలో సగం పోవడానికి సగటున యాభై అరవై రోజులు పడుతుంది, కొందరిలో వంద రోజులు దాటుతుంది. ఏళ్ల తరబడి వాడిన మనిషికి సీటీ స్కాన్ తీస్తే ఆ అయోడిన్ వల్ల లివర్ మామూలు కంటే తెల్లగా కనిపించవచ్చు.

లివర్ కణాల్లో ఇలా పేరుకున్న మందు, కణం తన చెత్తను కరిగించుకునే పనికే అడ్డుపడుతుంది. కొవ్వు, ఫాస్ఫోలిపిడ్లు లోపల పోగుపడతాయి. చుక్క మద్యం ముట్టని మనిషి లివర్ ముక్కను మైక్రోస్కోప్ కింద పెట్టినా తాగుబోతు లివర్‌లా కనిపించేంత దాకా పోవచ్చు. దీర్ఘకాలం వాడేవాళ్లలో తక్కువలో తక్కువ 15 శాతం మందికి లివర్ ఎంజైములు కొంత పెరుగుతాయి. చాలామందిలో ఆ పెరుగుదల స్వల్పం, లక్షణాలేవీ ఉండవు, మోతాదు తగ్గిస్తే సర్దుకుంటుంది. నిజంగా జబ్బుగా మారేది సుమారు నూటికి ఒకరిలో. ఆ ఒక్కరిలో మాత్రం అది నెలల తరబడి చప్పుడు లేకుండా సాగి, లివర్ గట్టిపడిపోయే సిరోసిస్ దాకా వెళ్లగలదు. అందుకే ఈ మందు వివరాల్లో ఊపిరితిత్తులతో పాటు లివర్ గురించీ నల్ల గీతల డబ్బాలో హెచ్చరిక పెట్టమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆదేశించింది.

గుండె లయ మందులు లివర్ దగ్గర తడబడటం ఇదొక్కసారే కాదు. అయోడిన్ తీసేసి ఎమియోడరోన్‌కు తమ్ముడిలా తయారుచేసిన డ్రొనెడరోన్‌కు 2009లో అమెరికాలో అనుమతి దొరికింది. అది వాడుతున్న ఇద్దరికి లివర్ పూర్తిగా దెబ్బతిని మార్పిడి చేయాల్సి వచ్చిందని 2011 జనవరిలో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఇద్దరూ డెబ్బై ఏళ్ల ప్రాంతపు ఆడవాళ్లు. ఐఎన్ఆర్ పరీక్షల బాధ తప్పిస్తుందని అందరూ ఆశపడ్డ జైమెలగాట్రాన్ అనే రక్తం పలచబడే మందును కూడా లివర్ దెబ్బల వల్లే 2006లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు.

పంతంగి టోల్‌గేటు

సంక్రాంతికి రెండ్రోజుల ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లినవాళ్లకు పంతంగి టోల్‌గేటు గుర్తుండే ఉంటుంది. లివర్ కూడా అలాంటిదే. మింగిన మందుల్లో చాలావాటిని సైటోక్రోమ్ పీ450 అనే ఎంజైముల కుటుంబం విడగొట్టి సాగనంపుతుంది. ఒక్కో ఎంజైమూ ఒక్కో గేటు. 3ఏ4 అనే గేటు గుండా కొలెస్ట్రాల్ మందులు చాలా వెళ్తాయి. 2సీ9 గేటు గుండా వార్ఫరిన్, ఎసిట్రాం. 2డీ6 గుండా మెటోప్రొలాల్. ఎమియోడరోన్ చేసే పని ఏమిటంటే ఈ మూడు గేట్లనూ సగం మూసేస్తుంది. కణాల్లోంచి డిగాక్సిన్‌ను బయటికి తోసే పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపునూ నెమ్మది చేస్తుంది.

ఫలితం ఏమిటో చూడండి. ఎసిట్రాం మాత్ర అదే, మోతాదూ అదే, కానీ రక్తంలో మందు పేరుకుంటుంది, ఐఎన్ఆర్ పైకి పోతుంది. ఎమియోడరోన్ మొదలుపెట్టినప్పుడు వార్ఫరిన్ మోతాదు మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించాల్సి వస్తుంది. డిగాక్సిన్‌నూ దాదాపు సగానికి తెస్తారు. స్టాటిన్ రకం కొలెస్ట్రాల్ మందైన సిమ్వాస్టాటిన్ వాడుతుంటే రోజుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటితే కండరాలు కరిగిపోయే ప్రమాదం.

పెద్దవాళ్లలో ఇది ఇంకా ముదురుతుంది, ఎందుకంటే టోల్‌గేటు దగ్గర సిబ్బందే తగ్గిపోయారు. వయసుతో లివర్ చిన్నదవుతుంది, దానికి చేరే రక్తం కూడా మూడో వంతు దాకా తగ్గుతుంది. గుండె బలహీనపడితే ఆ రక్తం వెనక్కి తన్ని లివర్ ఉబ్బుతుంది కూడా. కిడ్నీలూ మందగిస్తాయి. ఇవేవీ మామూలు లివర్ పరీక్షలో కనిపించవు. ఆ పరీక్ష, అంటే ఎల్‌ఎఫ్‌టీ, నార్మల్ అంటే లివర్‌కు కొత్తగా దెబ్బ తగల్లేదని మాత్రమే. మందులను యాభై ఏళ్ల వయసులో పంపినంత వేగంగా పంపుతోందని కాదు. ఈ తేడా ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

ఇప్పుడు పెదనాన్న సంచికి మళ్లీ వద్దాం. గుండె డాక్టరు రాసిన వాటిలో ఎమియోడరోన్, ఎసిట్రాం రెండూ ఉన్నాయి. తామరకు ఇచ్చిన క్యాప్సూల్ ఇట్రాకొనజోల్. కొన్నేళ్లుగా మన దగ్గర తామర మొండికేసి, పూత మందులకు లొంగక, ఈ క్యాప్సూల్ వారాల తరబడి వాడటం మామూలైపోయింది. అది 3ఏ4 గేటును దాదాపు పూర్తిగా మూసేసే మందు. సొంతంగానూ లివర్‌ను దెబ్బతీయగలదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకైతే అసలు వద్దంటారు. చర్మం డాక్టరుకు ఎమియోడరోన్ సంగతి తెలియదు, పెదనాన్న చెప్పలేదు. గుండె డాక్టరుకు తామర సంగతి తెలియదు, గజ్జల్లో దురద గురించి గుండె డాక్టరుకు ఎవరు చెప్తారు? ఇద్దరూ తమ జబ్బుకు సరైన మందే రాశారు. ఆ రెండు చీటీలూ ఒక్కచోట చూసిన మనిషి లేడు.

మోకాళ్లకు వాడింది డైక్లోఫినాక్. అది లివర్‌కూ మంచిది కాదు, రక్తం పలచబడే మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం. దానికి బదులు పారాసెటమాల్ మేలే, కానీ దానికీ ఒక లెక్క ఉంది. 650 మాత్ర రోజుకు మూడుసార్లు అంటే దాదాపు 2 గ్రాములు. ఆరోగ్యమైన లివర్ దాన్ని తట్టుకుంటుంది. కానీ వరసగా కొన్ని రోజులు అలా వేసుకుంటే వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్లలో ఐఎన్ఆర్ పెరుగుతుంది. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ కలిసి ఉంటుందని గమనించక రెండూ వేసుకునేవాళ్లు ఎందరో. సరిగా తినక బక్కచిక్కిన పెద్దవాళ్లలో ప్రమాదపు గీత ఇంకా కిందే ఉంటుంది.

యాంటీబయాటిక్కులలో ఆగ్మెంటిన్ రకం, అంటే ఎమాక్సిసిలిన్-క్లావులనేట్, పేరు గుర్తుపెట్టుకోవాలి. దాని వల్ల కామెర్లు కోర్సు అయిపోయిన కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు, అదీ ఎక్కువగా వయసు మళ్లిన మగవాళ్లలో. అప్పటికి ఆ మందు వాడిన సంగతే ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఇక టీబీ మందులు. మన దేశంలో మందుల వల్ల లివర్ దెబ్బతిన్న కేసుల్లో దాదాపు సగం వాటివల్లే. పైగా వాటిలో ఒకటైన రిఫాంపిసిన్ ఈ గేట్లలో చాలావాటిని బార్లా తెరిచేస్తుంది. రక్తం పలచబడే మందు పనిచేయకుండా పోతుంది, పక్షవాతం భయం. గుండె రోగికి టీబీ వచ్చిందంటే మొత్తం లిస్టును మళ్లీ మొదటి నుంచి చూడాల్సిందే.

తిప్పతీగ, పసరు

ఈ మాట చెప్తే చాలామందికి కోపం వస్తుందని తెలుసు. అయినా చెప్పాలి. కరోనా కాలంలో ఇమ్యూనిటీ కోసమని తిప్పతీగ రసం తాగి లివర్ దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు ముందుగా గుర్తించారు. తర్వాత 2022లో దేశంలోని పలు ఆసుపత్రుల డాక్టర్లు కలిసి అలాంటి 43 మంది వివరాలు ప్రచురించారు. శరీరం తన లివర్ మీద తానే దాడి చేసే రకం జబ్బును తిప్పతీగ రెచ్చగొడుతోందని వాళ్లు తేల్చారు. ఆయుష్ శాఖ దీన్ని ఒప్పుకోలేదు, అదే పోలికలున్న వేరే తీగ కలిసి ఉంటుందని అంది. ఆ వాదన ఎటు తేలినా, తొమ్మిది మాత్రలు మోస్తున్న 74 ఏళ్ల లివర్ మీద ఇంకో సీసా పెట్టడానికి కారణం కనిపించదు. సహజమైనది కాబట్టి హాని చేయదని మనం అనుకుంటాం. డిగాక్సిన్ కూడా ఒక మొక్క ఆకు నుంచి తీసిందే.

దీనికన్నా పెద్ద ప్రమాదం పసరు మందు. కళ్లు పచ్చబడగానే మన ఊళ్లలో మొదట గుర్తొచ్చేది పసరు పోసే మనిషి. పొద్దున్నే పరగడుపున పసరు, ఉప్పూ నూనె లేని పథ్యం. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు వస్తుంది. మందుల వల్ల వచ్చిన కామెర్లు అలా కాదు. కారణమైన మందు ఆగితేనే తగ్గుతాయి. హైమన్ జిమ్మర్‌మన్ అనే అమెరికన్ డాక్టరు గమనించిన ఒక సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. మందు వల్ల ఎస్‌జీపీటీ మూడు రెట్లు దాటి, దానితో పాటు కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ రెండు రెట్లు దాటితే, అలాంటి పదిమందిలో దాదాపు ఒకరి ప్రాణం మీదికి వస్తుంది. పథ్యం చేసుకుంటూ పదిహేను రోజులు చూసే వ్యవధి అక్కడ లేదు. మా ఇంట్లోనూ పసరు మాట వచ్చింది. పెద్దమ్మ అన్నం నీళ్లు మానేసి ఏడ్చినంత పని చేసి ఆయన్ను ఆసుపత్రికి పంపింది.

రిపోర్టు చదవడంలో చిక్కులు

గుండె రోగి లివర్ రిపోర్టు పైకి కనిపించినంత తేలిక కాదు. లివర్ రిపోర్టులోని ఎస్‌జీఓటీ అనే ఎంజైము కండరాల నుంచి కూడా వస్తుంది, స్టాటిన్ వల్ల కండరాలు నొప్పెడుతున్నా అది పెరుగుతుంది. గుండె బలహీనపడి లివర్‌లో రక్తం నిలిస్తే బిలిరుబిన్ పెరుగుతుంది, అప్పుడు కాళ్ల వాపు కూడా ఉంటుంది. లివర్ చెడితే ఐఎన్ఆర్ పెరుగుతుంది, ఎసిట్రాం ఎక్కువైనా పెరుగుతుంది. కాబట్టి ఎసిట్రాం వాడే మనిషిలో ఐఎన్ఆర్ ఒక్కదాన్ని పట్టుకుని లివర్ సంగతి చెప్పలేరు.

లక్షణాలూ అంతే. ఆకలి మందగించడం, వాంతి వచ్చినట్టుండటం, నీరసం. ఇవి లివర్‌వి కావచ్చు. డిగాక్సిన్ ఎక్కువైనా ఇవే వస్తాయి. ఎమియోడరోన్‌లోని అయోడిన్ వల్ల థైరాయిడ్ మందగించినా నీరసమే. అందుకే ఎమియోడరోన్ మొదలుపెట్టే ముందు, తర్వాత ఆరు నెలలకోసారి ఎల్‌ఎఫ్‌టీ, థైరాయిడ్ పరీక్ష రెండూ చేయించాలంటారు. ఎంజైములు మామూలు కంటే మూడు రెట్లు దాటితే, లేదా ముందే ఎక్కువగా ఉన్నవాళ్లలో రెట్టింపైతే, మోతాదు తగ్గించడమో ఆపడమో ఆలోచిస్తారు. పెదనాన్న ఎమియోడరోన్ మొదలుపెట్టి రెండేళ్ల నాలుగు నెలలు. ఆ మధ్యలో ఈసీజీలు ఏడు ఉన్నాయి. ఎల్‌ఎఫ్‌టీ ఒక్కటీ లేదు. ఆ ఫైలు తిరగేసినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

ఇదంతా చదివి ఎవరూ రేపు పొద్దున మాత్రలు ఆపేయకండి, దయచేసి. రక్తం పలచబడే మందు ఆపితే పక్షవాతం రావచ్చు. స్టాటిన్ అంటే లివర్‌కు భయమనేది కూడా పాత మాట. వాటికి క్రమం తప్పకుండా లివర్ పరీక్షలు అక్కర్లేదని 2012లోనే ఎఫ్‌డీఏ చెప్పింది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లు కూడా వాడుకోవచ్చు. లివర్ భయంతో స్టాటిన్ మానేసి తిప్పతీగ తాగడం తలకిందుల లెక్క.

డాక్టరును అడగదగిన ప్రశ్న ఒకటుంది. ఈ వయసులో లయను సరిచేయాల్సిందేనా, వేగం అదుపులో పెట్టి రక్తం పలచబడే మందు వాడితే సరిపోతుందా? 2002లో వచ్చిన అఫర్మ్ అధ్యయనంలో సగటున డెబ్బై ఏళ్లున్న 4,060 మందిని చూశారు. లయ సరిచేసినవాళ్లు, వేగం మాత్రమే తగ్గించినవాళ్ల కంటే ఎక్కువ కాలం బతకలేదు. గుండె బలహీనత ఉన్నవాళ్ల సంగతి వేరు, దడ అసలు భరించలేనివాళ్ల సంగతి వేరు. నిర్ణయం డాక్టరుదే. కానీ ఏళ్ల కిందట మొదలైన మందు ఇంకా ఎందుకు నడుస్తోందని ఎవరో ఒకరు అడగాలి. మందుతో హాని జరిగిందనిపిస్తే రోగి ఇంటివాళ్లే ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024కు చెప్పవచ్చు.

పెదనాన్నకు ఇట్రాకొనజోల్, డైక్లోఫినాక్, తిప్పతీగ ఆ రోజే ఆపారు. రెండ్రోజులు చూసి, గుండె డాక్టరుతో మాట్లాడి, ఎమియోడరోన్ కూడా తీసేసి మెటోప్రొలాల్‌తో సరిపెట్టారు. పది వారాలకు ఎస్‌జీపీటీ 51కి దిగింది. దోషం దేనిదో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేరు.

ఆ రోజు నుంచి ఆయన చొక్కా జేబులో మడిచిన ఒక కాగితం ఉంటోంది. మందు అసలు పేరు, మోతాదు, ఎవరు రాశారు, ఎప్పటి నుంచి. చివర్లో ఇంకో వరుస గీశాను: ఆపినవి, ఏ తేదీన. ఆపేసిన మందు లిస్టులో ఎందుకని మా తమ్ముడు అడిగాడు. అక్టోబరులో ఆయన ఐఎన్ఆర్ ఉన్నట్టుండి 1.6కి పడిపోయింది. పెదనాన్న ఎసిట్రాం ఒక్కరోజు మానలేదు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఆకుకూరలు ఎక్కువ తిన్నారా అని అడుగుతూనే కాగితం అడుగుదాకా చూసి ఆగాడు. ఎమియోడరోన్ జూన్‌లో ఆపారు. అది నాలుగు నెలలుగా నెమ్మదిగా ఒంట్లోంచి పోతూ, మూసి ఉంచిన గేట్లను ఒక్కొక్కటే వదిలేస్తోంది. ఎసిట్రాం మోతాదు కాస్త పెంచి, ఇంకో రెండు నెలలు వారం వారం ఐఎన్ఆర్ చూపించుకోమని అదే కాగితం మీద రాసిచ్చాడు.